తెగిన పోగు

ఒరేయ్ నాయనా, ఆ ఫోను కాస్త పక్కన పెట్టి ఇలా కూర్చో. గంట పట్టినా పట్టవచ్చు. మా రోజుల్లో పెద్దవాళ్ళు పిలిస్తే ఎంతసేపని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. అరుగు మీద చాప ఉండేది, మంచినీళ్ళ చెంబు ఉండేది, మాట దాని దారిన అది నడిచేది. ఇప్పుడు ఏం చెప్పినా ముప్పై సెకన్లలో చెప్పాలి, కింద పాట ఒకటి మోగాలి. సరే, ఆ గొడవ ఇప్పుడొద్దు.

మొన్న మా మనవరాలు నీట్ పరీక్షకు చదువుకుంటూ వరండాలో అటూ ఇటూ నడుస్తోంది. "క్రాసింగ్ ఓవర్ ఏ దశలో జరుగుతుంది?" అని ఫోను అడిగింది. "పాకిటీన్" అని పిల్ల వేలితో నొక్కింది. ఆకుపచ్చ గుర్తు పడింది. నాలుగు సెకన్ల పని.

"అమ్మడూ, పాకిటీన్‌లో ఏమవుతుందే?" అన్నాను.

"క్రాసింగ్ ఓవర్ అవుతుంది తాతయ్యా."

"క్రాసింగ్ ఓవర్ అంటే?"

"రెండు క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడం."

"బానే ఉంది. దారం తెగకుండా ముక్క ఎలా మారుతుంది? ఎవరు తెంచారు? ఎవరు అతికారు?"

పిల్ల ఒక్క క్షణం ఆగింది. "అది పరీక్షలో అడగరు తాతయ్యా" అని మళ్ళీ నడక మొదలెట్టింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పిల్ల తెలివైనదే, తప్పు దానిది కాదు. కానీ మేము దేరా సాహిలో పుట్టినవాళ్ళం. బరంపురంలో దేరా వాళ్ళంటే దేవాంగులు, పట్టు నేసేవాళ్ళు. తాతల కాలంలో రాజమహేంద్రవరం వైపు నుంచి వచ్చామని మా ఇళ్ళలో చెప్పుకుంటారు. ఊళ్ళో ఒడియా, ఇంట్లో తెలుగు, మగ్గం దగ్గర రెండూ. అలాంటి ఇంట్లో పుట్టిన పిల్ల పోగు ఎలా తెగింది, ఎలా అతికారు అని అడగకపోతే నాకెలా ఉంటుంది చెప్పు?

మా దొడ్డమ్మ పడుగు అతకడం చూశావా నువ్వు? చూసి ఉండవు. పాత పడుగు అయిపోవచ్చినప్పుడు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటీ తెచ్చి పాత పోగు కొసకు కలపాలి. వందలకొద్దీ పోగులు. దొడ్డమ్మ పక్కన చిన్న మూకుడులో బూడిద ఉండేది. బొటనవేలికీ చూపుడువేలికీ కాస్త బూడిద రాసుకుని, రెండు కొసలు దగ్గర చేర్చి, ఒక్క పురి తిప్పి వదిలేది. పిల్లలం కళ్ళు పెద్దవి చేసుకుని చూసినా అతుకు ఎక్కడుందో తెలిసేది కాదు. నేస్తుండగా పోగు తెగితే మగ్గం ఆగేది. తెగిన పోగును దాని పక్క పోగుతో సరిచూసి, అదే రంగు, అదే వరస అని తేల్చుకున్నాకే కలిపేది. తప్పు పోగుతో కలిపితే అంచు మీద కుంభం బొమ్మ వంకర పోతుంది. తొందర పడితే చీర మొత్తం చెడిపోయేది. ఇప్పుడు పోగు తెగితే ఎవరు అతుకుతారు? చీర చిరిగితే పారేస్తారు, చెప్పు తెగితే పారేస్తారు. అతకడం అనే పనే మరిచిపోయిన లోకం ఇది.

కాలేజీకి వచ్చాక, 1970ల మొదట్లో, బోటనీ ల్యాబులో మొదటిసారి మియోసిస్ చూశాను. మా పుస్తకాల్లో దాన్ని క్షయకరణ విభజన అనేవాళ్ళు. ఎంత మంది పిల్లలమో, రెండు మంచి మైక్రోస్కోపులు. వంతు కోసం నిలబడాలి. ముందురోజు పొద్దున ఎనిమిదింటికి ఉల్లి పూగుత్తి నుంచి చిన్న చిన్న మొగ్గలు గిల్లి, మూడు పాళ్ళు ఆల్కహాలు, ఒక పాలు ఎసిటిక్ యాసిడ్ కలిపిన సీసాలో వేసేవాళ్ళం. మర్నాడు మొగ్గ చీల్చి, అందులోని పరాగకోశం ఒక్కటి తీసి గాజు పలక మీద పెట్టి, పైన ఎసిటోకార్మిన్ చుక్క. ఆ ఎర్ర రంగు నాగజెముడు లాంటి మొక్కల మీద బతికే పురుగు నుంచి వస్తుందని మా మాస్టారు చెబితే ముందు ఎవరూ నమ్మలేదు. పరాగకోశాన్ని తుప్పు పట్టిన సూదితోనే చిదపాలి. కొత్త సూది పనికిరాదు. తుప్పులోని ఇనుము తగిలితేనే క్రోమోజోముల రంగు చిక్కబడుతుంది. తర్వాత పైన సన్న గాజు పెట్టి, స్పిరిట్ దీపం మీద గోరువెచ్చగా చేసి, అద్దుడు కాగితం మడతలో పెట్టి బొటనవేలితో ఒక్క నొక్కు. పక్కకు జరిగితే అంతా పోయింది. మళ్ళీ మొదటి నుంచి.

నాకు పదకొండో గాజు పలకలో కనిపించింది. ఉల్లికి పదహారు క్రోమోజోములు, ఎనిమిది జతలు. ఆ జతలు విడిపోదామని చూస్తున్నాయి, విడిపోలేకపోతున్నాయి. ఒక్కోచోట ఒకదాని మీద ఒకటి కాళ్ళు వేసుకుని కూర్చున్నట్టు చిక్కుకుని ఉన్నాయి. ఆ చిక్కునే కయాస్మా అంటారు. ఎర్రటి దారపు చిక్కు. నేను నేతగాడి కొడుకుని కదా, చూడగానే మా ఇంటి వాసన వచ్చింది. "మాస్టారూ, ఇక్కడ పోగు తెగి అతికింది" అన్నాను. ఆయన నా భుజం మీద చెయ్యేసి చాలాసేపు ఆ గాజు పలక చూశారు. ఫోనులో ఆకుపచ్చ గుర్తు ఇవ్వలేనిది అదే నాయనా.

ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి. ఆ రోజుల్లో మాకు చూపించారు కానీ ఎలా జరుగుతుందో చెప్పలేకపోయారు. చెప్పగలిగినవాళ్ళు లోకంలో ఎక్కడా లేరు. బెల్జియంలో జాన్సెన్స్ అనే పాదిరీ 1909లోనే ఆ చిక్కుల దగ్గర దారాలు తెగి కలుస్తాయని ఊహించాడు. అమెరికాలో హారియట్ క్రైటన్, బార్బరా మెక్లింటాక్ అనే ఇద్దరు ఆడవాళ్ళు 1931లో మొక్కజొన్నలో నిజంగానే క్రోమోజోము ముక్కలు మారతాయని కళ్ళతో చూపించారు. అది ఎలా జరగవచ్చో 1964లో రాబిన్ హాలిడే ఒక బొమ్మ గీశాడు. అయినా తెంచేది ఎవరు, ఎందుకు తెంచుతుంది అన్నదానికి జవాబు లేదు. మా పుస్తకంలో అది ఒక్క వాక్యం: "క్రోమాటిడ్లు విరిగి తిరిగి కలుస్తాయి." అంతే. నేను పాఠాలు చెప్పడం మొదలెట్టి చాలా ఏళ్ళు ఆ ఒక్క వాక్యమే చెప్పాను. అసలు కత్తి ఎవరిదో తేలింది 1997లో. అప్పటికి నా జుట్టు నెరుస్తోంది.

మా మనవరాలికి ఎవరూ చెప్పలేదు, నువ్వైనా విను. డీఎన్ఏ అంటే రెండు పోగులు పురిపెట్టిన దారం. మామూలుగా కణం దాన్ని కాపాడుకుంటుంది. ఎక్స్‌రే తగిలో, మరేదో అయ్యో ఆ రెండు పోగులూ ఒకేచోట తెగితే కణానికి ప్రాణగండం. వెంటనే అతకకపోతే చచ్చిపోతుంది, లేదా కేన్సరు దారి పడుతుంది. అంత భయపడే కణమే మియోసిస్‌లో, అంటే బీజకణాలు తయారుచేసే వేళకు వచ్చేసరికి తన దారాన్ని తానే తెంచుకుంటుంది. ఒకచోట కాదు, ఎలుకలో అయితే రెండు మూడు వందల చోట్ల. తెంచే ప్రోటీన్ పేరు స్పో లెవెన్. దాన్ని ముందు కనిపెట్టింది ఈస్టులో, అంటే మనం రొట్టెపిండి పులియడానికి వేసే సూక్ష్మజీవిలో. పెద్ద పెద్ద పేర్లు చెప్పి నిన్ను బెదిరించను. స్కాట్ కీనీ, నాన్సీ క్లెక్నర్ వాళ్ళు ఆ పని చేశారని తెలిస్తే చాలు. ఈస్టులో ఉన్న ఆ కత్తే వరిలో ఉంది, ఎలుకలో ఉంది, మనలో ఉంది.

తెంచిన తర్వాత చూడు. తెగిన రెండు కొసల దగ్గరా ఒక పోగును కొన్ని ప్రోటీన్లు కొంతమేర కొరికేస్తాయి, రెండో పోగు ఒంటరిగా వేలాడుతుంది. ఆ ఒంటిపోగు మీద రాడ్ ఫిఫ్టీవన్, డీఎంసీ వన్ అనే ప్రోటీన్లు గొలుసులా కూర్చుంటాయి. అది తనకు సరిపోయే వరస కోసం వెతుకుతుంది. పక్కనే తన అచ్చు నకలు ఉంది. తేలికగా దానితో అతుక్కోవచ్చు. కానీ ఇక్కడ కణం చాలావరకు ఆ తేలిక దారి పట్టదు. అమ్మ ఇచ్చిన దారం తెగితే నాన్న ఇచ్చిన దారంలోకి వెళ్ళి, నాన్న ఇచ్చింది తెగితే అమ్మ ఇచ్చిన దారంలోకి వెళ్ళి, వరస సరిచూసుకుని, అక్కడ ఉన్నది చూసి ఇక్కడ రాసుకుంటుంది. పక్క పోగు చూసుకుని అతికిన మా దొడ్డమ్మ చెయ్యి గుర్తొస్తుంది నాకు. బూడిద ఒక్కటే తక్కువ. ఈ తెగడం, వెతకడం, అతకడం అనే బొమ్మను షోస్టాక్, ఆయన తోటివాళ్ళు 1983లో కాగితం మీద పెడితే చాలామంది తల అడ్డంగా ఊపారు. దారాన్ని కావాలని పూర్తిగా తెంచుకునే కణం ఉంటుందా అని.

తెగిన ప్రతిచోటా ముక్కలు మారవు. ఎక్కువ భాగం మామూలు అతుకులుగానే ముగుస్తాయి. మనిషి వీర్యకణం తయారయ్యేటప్పుడు అసలు మార్పిడి యాభై చోట్ల అటూ ఇటూగా జరుగుతుంది, అండంలో ఇంకాస్త ఎక్కువ. ప్రతి జతకు కనీసం ఒక్కటైనా పడాలి. ఎందుకంటే ఆ చిక్కే ఆ జతను పట్టి ఉంచుతుంది. అది లేకపోతే జత ఎటు లాగితే అటు పోతుంది, ఒక బిడ్డకు క్రోమోజోము ఎక్కువ, ఇంకొక బిడ్డకు తక్కువ. తొలి నెలల్లోనే పోయే గర్భాల్లో చాలావాటికి కారణం ఈ లెక్క తప్పడమే. మా రోజుల్లో అలాంటి ఇంట్లో ఆడమనిషినే అనేవాళ్ళు. ఆ విషయంలో మా రోజులు మంచివని నేను అనను.

ఆడమనిషి మాట వచ్చింది కనుక ఇది కూడా విను. మగవాడిలో ఈ తెగడం అతకడం పెద్దయ్యాక మొదలై ముసలితనం దాకా నడుస్తూనే ఉంటుంది. ఆడపిల్లలో అలా కాదు. తల్లి కడుపులో ఉండగానే ఆడశిశువు అండాలు ఆ పని ముగించుకుని ఆగిపోతాయి. అంటే నీ తల్లి అండంలో పోగులు తెగి అతికినప్పుడు నీ తల్లి మీ అమ్మమ్మ కడుపులో ఉంది. నీకు అమ్మ నుంచి వచ్చిన పోగు ఎక్కడ తెగి ఎక్కడ అతకాలో మీ అమ్మమ్మ ఇంట్లో, ఆవిడ నెల తప్పి పచ్చి మామిడికాయ కొరుక్కుంటున్న రోజుల్లోనే తేలిపోయింది. ఇది తెలిసినప్పటి నుంచి మా అమ్మమ్మ ఫోటో ముందు నేను వేరేగా నిలబడుతున్నాను. నీకు ఆవిడ పూర్తి పేరు తెలుసా? అడిగి చూస్తే మీ తరంలో సగం మందికి తెలియదు.

పట్టు దగ్గరికి వద్దాం, లేకపోతే మా వాళ్ళు ఊరుకోరు. మా మగ్గాలకు పట్టు బెంగళూరు వైపు నుంచి వస్తుంది. ఆ దారం కక్కే మల్బరీ పురుగుకు 28 జతల క్రోమోజోములు. జపాన్‌లో తనాకా అనే ఆయన 1914లో ఒక వింత చెప్పాడు. మగ పురుగులో ముక్కలు మారతాయి, ఆడ పురుగులో అసలు మారవు! తల్లి తన తల్లిదండ్రులు ఇచ్చిన క్రోమోజోములను ముక్కలు మార్చకుండా యథాతథంగా బిడ్డకు ఇస్తుంది. చిక్కు లేకుండా జతను పట్టి ఉంచడానికి దానికి వేరే ఏర్పాటు ఉంది, రెండింటి మధ్య ఒక పట్టీ లాంటిది చివరిదాకా అంటుకుని ఉంటుంది. పెళ్ళికి కట్టే బరంపురం పట్టు జోడు ముట్టుకున్నప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. ఆ దారం వెనుక తల్లులు ఏమీ మార్చలేదు, తండ్రులు మార్చారు. మార్పు వద్దని నేను రోజంతా సణుగుతాను కదా, ఆ తల్లి పురుగంటే నాకు అభిమానం. కానీ తండ్రి వైపు ఆ పని జరగకపోతే ఆ పురుగులో ఏ కొత్త గుణమూ కలిసేది కాదని కూడా నాకు తెలుసు.

ఇక అసలు మార్పే లేనిది చూడాలంటే మొగలి. ఛత్రపురం, గోపాల్పూర్ వైపు వర్షాకాలంలో పోయి నిలబడు, గాలికే వాసన వస్తుంది. మన గంజాం మొగలిపూవుకు దేశమంతా పేరు. వాసన మగ చెట్టు పూవుకే. అందుకని రైతులు మగ చెట్టు పిలకలే నాటుతారు, గింజ జోలికి పోరు. పిలక అంటే తల్లి అచ్చు నకలు. మా తాత నాటిన పొద నుంచి తీసిన పిలకే ఇప్పుడూ అదే వాసన ఇస్తోంది. అతుకు లేదు, తెగడం లేదు, మార్పు లేదు. నాకెంత ఇష్టమో. అయితే ఒక్క పిలకకు పట్టే తెగులు అన్నింటికీ పట్టగలదు, ఎందుకంటే అన్నీ ఒకటే. ఈ మాట చెప్పకుండా మొగలిని మాత్రమే పొగిడితే అబద్ధం అవుతుంది.

వరి సంగతికి వచ్చేసరికి నా గొంతు పెరుగుతుంది, ఓపిక పట్టు. మా రోజుల్లో విత్తనం కొనడమేమిటి? కోతలో మంచి కంకులు ఏరి, ఎండబెట్టి, గాదెలో వేపాకు వేసి దాచేవాళ్ళం. మరుసటి ఏడూ అదే వరి, అదే రుచి. వరిలోనూ పోగులు తెగుతాయి, అతుకుతాయి. కానీ మా పాత వరిలో రెండు పోగులూ ఒకే రంగు, అందుకే అతుకు కనిపించదు. హైబ్రిడ్ వరి అలా కాదు. రెండు వేర్వేరు రంగుల పోగులు. మొదటి ఏడు పంట బ్రహ్మాండం. ఆ గింజే దాచి మళ్ళీ వేస్తే పోగులు తెగి కలిసి ఒక్కో మొక్క ఒక్కో తీరు. అందుకే ఏటేటా కొట్టుకు పోయి సంచి కొనాలి. రైతును ఆ కొట్టు గుమ్మం దగ్గర నిలబెట్టింది ఈ మియోసిసే అని ఎందరికి తెలుసు?

మన తెలుగు నేల మీదే దీనికి విరుగుడు వెతికారు. హైదరాబాదు సీసీఎంబీ పరిశోధనశాలలో ఇమ్రాన్ సిద్దిఖీ బృందం ఆవాల కుటుంబానికి చెందిన చిన్న మొక్కలో ఒక్క జన్యువు మార్చి, మియోసిస్ లేకుండానే అండం తయారయ్యేలా చేసి 2008లో చూపించింది. ఆ తర్వాత 2011లో వేరే దేశాల వాళ్ళతో కలిసి, గింజ ద్వారానే తల్లి నకలు పుట్టించారు. 2019లో కాలిఫోర్నియాలో వరిలోనూ అది చేశారు. అంటే రేపు హైబ్రిడ్ వరిని కూడా మొగలి పిలకలా ఏటేటా అదే గింజతో వేసుకోవచ్చు. రైతుకు అది మేలే, రావాలనే కోరుకుంటాను. నా బాధ వేరు. పాత విత్తనాలు మా గాదెల్లోంచి ఎప్పుడో పోయాయి. నకళ్ళే మిగిలితే, రేపు కొత్త తెగులు వచ్చినప్పుడు కలపడానికి వేరే రంగు పోగు ఎక్కడి నుంచి తెస్తాం?

మా ఊరూ ఇలాంటిదే నాయనా. 1936 ఏప్రిల్ 1కి ముందు ఇది మద్రాసు రాజధానిలోది, ఆ తర్వాత ఒడిశాలోది. గీత మారింది, మేం అక్కడే ఉన్నాం. మా తెలుగులోకి ఒడియా వచ్చింది, ఒడియాలోకి తెలుగు పోయింది. బుధి ఠాకురాణి యాత్రకు మా దేరా వాళ్ళ పెద్దే ముందు నిలబడతాడు, అమ్మవారిని రెండు భాషల్లోనూ పిలుస్తాం. ఇప్పుడు పిల్లలు రెండూ సరిగా మాట్లాడరు, ఏ పోగుతోనూ అతుక్కోకుండా వేలాడుతున్నారు. అది నా కడుపులో మంట.

పోనీలే. మన ఊరికి 2016లో ఐసర్ అనే సైన్సు విద్యాసంస్థ వచ్చింది, మేము కలలో కూడా ఊహించని మైక్రోస్కోపులు ఇప్పుడు మన ఊళ్ళోనే ఉన్నాయి. మేము రెండింటి కోసం వరుస కట్టాం, మీకు అన్నీ ఉన్నాయి, చూడ్డానికి ఓపికే లేదు. ఆ ఓపిక నేర్పడానికి నేనింకా బతికే ఉన్నాను.

మాఘంలో మా పెరటి ఉల్లికి పూగుత్తి వస్తుంది. ఎనిమిదింటికల్లా రా, ఎండ ముదిరితే మొగ్గ పనికిరాదు. ఎసిటోకార్మిన్ నా దగ్గర ఉంది, తుప్పు పట్టిన సూది కూడా. మా మనవరాలు వస్తానని మాటిచ్చింది. నువ్వు వచ్చేటప్పుడు ఫోను ఇంట్లో పెట్టి రా.